ఆ సినిమాలో డబ్బు కాజేసేది కార్మికులు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సమ్మెల మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను. ఫ్యాక్టరీలు మూతపడటానికి యూనియన్లే కారణమని రాసినాయన నమ్మితే నమ్మనివ్వండి, దాని మీద వాదన పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా బాధంతా ఆయన తన మాటకి సాక్ష్యంగా తెచ్చిన సినిమా గురించి. 1959లో వచ్చిన బ్రిటిష్ కామెడీ ‘ఐయామ్ ఆల్ రైట్ జాక్’ని తీసుకొచ్చి, అందులో పీటర్ సెల్లర్స్ వేసిన యూనియన్ నాయకుడు ఫ్రెడ్ కైట్ చెప్పే ఒకే ఒక్క డైలాగు రాసి, చూశారా, ఇంగ్లండువాళ్ళు అప్పుడే ఈ రోగాన్ని పట్టుకున్నారు అని తేల్చేశారు. సినిమా చివరిదాకా చూసినవాళ్ళెవరూ ఆ మాట రాయలేరు. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా మెషీన్ షాపులో, అంటే ఫ్యాక్టరీలో మెషీన్లు తిరిగే విభాగంలో, పనిచేసి రిటైరైన మనిషిని, కొన్నాళ్ళు మా షాపు తరఫున యూనియన్ ప్రతినిధిగా కూడా ఉన్నాను, ఆ సినిమా అంటే నాకు చాలా ఇష్టం, అందుకని ఉత్తరం కొంచెం పొడుగైనా దయచేసి వేసుకోండి.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. యుద్ధం అయిపోయి దేశం కుదుటపడుతున్న రోజులు. స్టాన్లీ విండ్రష్ అనే కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని ఉద్యోగాల వేటలో పడతాడు. ఆ పాత్ర ఇయాన్ కార్మైకేల్ వేశాడు. మంచివాడు, మర్యాద తెలిసినవాడు, లోకం మాత్రం బొత్తిగా తెలీదు. ఆఫీసరు ఉద్యోగాలకి తిరిగితే ఎక్కడా నిలబడడు, ఒక మిఠాయిల ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడ పెట్టిన తీపంతా తిని కడుపులో తిప్పి వాళ్ళ మెషీన్‌లోనే వాంతి చేసుకుని వస్తాడు. అప్పుడు వరసకి మామయ్య అయ్యే బెర్ట్రమ్ ట్రేస్‌పర్సెల్, ఆయన స్నేహితుడు కాక్స్ కలిసి ఇతనికి ఒక సలహా ఇస్తారు, మా మిస్సైల్స్ లిమిటెడ్‌లో మామూలు కూలీగా చేరు, ఈ రోజుల్లో కార్మికుడికున్న విలువ ఆఫీసరుకి లేదు అని. కుర్రాడు నమ్మి చేరతాడు. ఫోర్క్‌లిఫ్ట్, అంటే పెట్టెలు ఎత్తి మోసే బండి, నడిపే పని ఇస్తారు.

ఇక్కడే ఆగి ఒక మాట. పెద్ద చదువు చదివిన మేనల్లుణ్ణి ఆ మామయ్య కూలీగా ఎందుకు చేర్పించాడు? మీ వ్యాసకర్త ఈ ప్రశ్న వేసుకోలేదు, వేసుకుని ఉంటే ఆ వ్యాసం వేరేగా ఉండేది.

ఎందుకంటే ఆ పెద్దమనుషులకి ఫ్యాక్టరీలో సమ్మె కావాలి. మధ్యప్రాచ్యంలోని ఒక దేశానికి ఆయుధాలు సరఫరా చేసే కాంట్రాక్టు మిస్సైల్స్ లిమిటెడ్‌కి వచ్చింది. అక్కడ సమ్మె జరిగి పని ఆగిపోతే, చేసేదేం లేక అన్నట్టు ఆ కాంట్రాక్టుని కాక్స్ సొంత ఫ్యాక్టరీకి మార్చొచ్చు, అదీ పెంచిన ధరకి. పెరిగిన తేడా లక్ష పౌండ్లు. దాన్ని ట్రేస్‌పర్సెల్, కాక్స్, ఆ దేశం తరఫున బేరం చేస్తున్న మిస్టర్ మొహమ్మద్ ముగ్గురూ సమానంగా పంచుకోవాలి. 1959లో లక్ష పౌండ్లంటే ఎంత డబ్బో ఊహించుకోండి. ఈ పథకానికి ఒక అమాయకుడు కావాలి, యూనియన్ పద్ధతులు తెలియకుండా అడ్డదిడ్డంగా పనిచేసి గొడవ రేపేవాడు కావాలి. అందుకు సొంత మేనల్లుణ్ణి వాడుకున్నారు. అంటే కథ నడవడానికి మూలకారణమే ఈ మోసం, సమ్మెకి నిప్పు పెట్టింది యజమానులు. ఆ డబ్బులో కార్మికులకి పైసా రాదు, అసలు ఆ సంగతే వాళ్ళకి తెలీదు. ఇంత స్పష్టంగా తెర మీద చూపించిన విషయాన్ని వదిలేసి, ఆ సినిమాని కార్మికుల మీద సాక్ష్యంగా ఎలా వాడతారండీ?

ఇప్పుడు ఆ డైలాగు సంగతి. అసమర్థుడన్న కారణంతో ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేస్తామంటే మేము ఒప్పుకోం, అది కక్షసాధింపు అవుతుంది, అని కైట్ అంటాడు. నిజమే, అంటాడు, హాలంతా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఈ స్టాన్లీకి పని రాదు అని ఫిర్యాదు మోసుకొచ్చింది కైటే, ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరు మేజర్ హిచ్‌కాక్ సంతోషంగా అయితే తీసేద్దాం అనగానే మాట తిప్పేస్తాడు. అది కైట్ మీద వేసిన దెబ్బే, అందులో సందేహం లేదు. కానీ ఎదురుగా కూర్చున్న ఆ మేజర్‌ని కూడా చూడాలి కదా. టెర్రీ థామస్ వేశాడు ఆ పాత్ర. తన ఫ్యాక్టరీలో ఏ మెషీన్ ఏం చేస్తుందో పట్టని మనిషి, కార్మికులంటే లోపల ఒట్టి అసహ్యం, పైకి నవ్వు. ఇద్దరూ ఆ టేబుల్ దగ్గర ఒకరినొకరు బాగా అర్థం చేసుకున్నవాళ్ళలా మాట్లాడుకుంటారు. ఒక డైలాగు కోసి కాగితం మీద పెడితే ఆ సీనులో సగమే మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సీను గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అది టైమ్ స్టడీ సీను. వాటర్స్ అని ఒక అధికారి, జాన్ లె మెజూరియర్ వేశాడు, ఎవరు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో చూడటానికి ఫ్యాక్టరీలో తిరుగుతుంటాడు. అతను వస్తున్నాడని తెలియగానే అందరూ నెమ్మదిస్తారు. స్టాన్లీకి ఇవేం తెలీవు కాబట్టి ఆ అధికారి స్నేహంగా మాట కలిపితే తన ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎంత చకచకా పని చెయ్యొచ్చో ఉత్సాహంగా చేసి చూపిస్తాడు. ఆ లెక్క రాసుకుని వెళ్ళి మేనేజ్‌మెంట్ అందరికీ కొత్త రేటు పెడుతుంది. అక్కడ సమ్మె మొదలవుతుంది.

బయటివాళ్ళు ఈ సీను చూసి, ఓహో, వీళ్ళంతా బద్ధకస్తులు, ఒక్కడు నిజాయితీగా పనిచేసేసరికి గుట్టు బయటపడింది అనుకుంటారు. షాపులో పనిచేసినవాడికి వేరే సంగతి కనపడుతుంది. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసే టర్నర్‌ని, ఫ్యాక్టరీ పేరు అనవసరం. అక్కడా స్టాప్‌వాచ్ పట్టుకుని మనుషులు వచ్చేవాళ్ళు. ఒక జాబ్‌కి గంటకి పది పీసులని రేటు ఉందనుకోండి, పది దాటితే ఇన్సెంటివ్. కొత్తగా చేరిన అప్రెంటిస్ ఒకడు, ఒంట్లో సత్తువుంది, మంచి పేరు తెచ్చుకోవాలని ఆశ ఉంది, వాడు ఒక గంటసేపు పదమూడు చేస్తాడు. ఆ గంటసేపు చెయ్యగలడు నిజమే, ఎనిమిది గంటలు, ఏడాదంతా, యాభై ఏళ్ళు దాటిన మోకాళ్ళతో చెయ్యగలడా? ఆ ప్రశ్న వాచీలో ఉండదు. మర్నాటి నుంచి పదమూడే రేటు. నిన్నటిదాకా పదకొండు చేసి నాలుగు డబ్బులు ఎక్కువ తెచ్చుకున్న పెద్దాయన ఇవాళ అదే పదకొండు చేస్తే వెనకబడ్డట్టు. ఇన్సెంటివ్ పోయింది, పైగా సంజాయిషీ అడుగుతూ కాగితం. ఇలాంటిది మా కళ్ళ ముందు జరిగింది, రేటు పెరిగిందని మొదట సంబరపడ్డ ఆ అప్రెంటిసే తరవాత మా అందరి ముఖాలూ చూడలేకపోయాడు. వాడి తప్పేం లేదు. స్టాన్లీ తప్పు కూడా ఏం లేదు.

ఇది నేను కల్పించి చెప్తున్న కార్మికుల సాకు అనుకుంటారేమో. ఈ స్టాప్‌వాచ్ పద్ధతికి ఆద్యుడని చెప్పే అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో దీని మీద పుస్తకం రాశాడు. ఆయన కార్మికుల పక్షం మనిషేమీ కాదు. పని కావాలనే నెమ్మదిగా చెయ్యడం ఆయనకి అస్సలు గిట్టదు. అయినా కార్మికుడు అలా ఎందుకు చేస్తాడో మాత్రం దాచకుండా రాశాడు, ఎక్కువ చేస్తే యజమాని పీసుకిచ్చే కూలి తగ్గించేస్తాడని అనుభవంతో తెలుసు కాబట్టి అని. కైట్ సమ్మెకి పిలుపిచ్చింది ఆ భయంతోనే. రేటు కాపాడుకోవడానికి. అతని మాటతీరు నవ్వు తెప్పించేదే కానీ అతని కారణం నవ్వులాట కాదు.

ఇంక ఈ సినిమా తీసినవాళ్ళెవరో చూద్దాం. జాన్ బౌల్టింగ్, రాయ్ బౌల్టింగ్ అని కవల అన్నదమ్ములు, 1913లో పుట్టారు, ఒకరు దర్శకత్వం చేస్తే ఇంకొకరు నిర్మాతగా ఉండేవాళ్ళు. ఈ సినిమాకి జాన్ దర్శకుడు, ఈయన స్పెయిన్ అంతర్యుద్ధంలో వామపక్షాలున్న రిపబ్లిక్ వైపు అంబులెన్స్ నడపడానికి వెళ్ళిన మనిషి. కార్మికుల మీద పగ పట్టి సినిమా తీసే మనిషిలా ఉన్నాడా? ఆ అన్నదమ్ములు ఆ రోజుల్లో వరసగా తీసినవి చూడండి. 1956లో సైన్యం మీద ‘ప్రైవేట్స్ ప్రోగ్రెస్’, 1957లో కోర్టులూ లాయర్ల మీద ‘బ్రదర్స్ ఇన్ లా’, అదే ఏడు యూనివర్సిటీ మీద ‘లక్కీ జిమ్’, 1959లో విదేశాంగ శాఖ మీద ‘కార్ల్‌టన్ బ్రౌన్ ఆఫ్ ది ఎఫ్ఓ’, ఆ వెంటనే ఫ్యాక్టరీ మీద ఇది, 1963లో చర్చి మీద ‘హెవెన్స్ అబోవ్’. దేశంలో ఉన్న ప్రతి పెద్ద గుమ్మం దగ్గరికీ వెళ్ళి లోపల ఏం జరుగుతోందో చూపించారు. ఫ్యాక్టరీ గేటు ఆ వరసలో ఒకటి. ఈ మొత్తంలోంచి కైట్ ఒక్కణ్ణి పక్కకి తీసి మిగతావాళ్ళందరినీ వదిలేస్తే అది ఆ అన్నదమ్ములకి అన్యాయం చేసినట్టు.

‘ప్రైవేట్స్ ప్రోగ్రెస్’ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా దాని తరవాయి భాగం. రెండిటికీ ఆధారం అలన్ హాకనీ నవలలే. మొదటి కథలోనూ ఇదే స్టాన్లీ, ఇదే మామయ్య, ఇదే కాక్స్, ఇదే హిచ్‌కాక్. అప్పుడు వాళ్ళు సైన్యంలో ఉన్నారు. ఆ మామయ్య బ్రిగేడియర్, యుద్ధం పేరు చెప్పి జర్మన్ల దగ్గరున్న కళాఖండాలు సొంతానికి కొట్టేసే పథకం వేస్తాడు, ఏమీ తెలియని మేనల్లుణ్ణి అందులోకి లాగుతాడు, ఆఖరికి ఇరుక్కునేది ఆ కుర్రాడే. మూడేళ్ళ తరవాత వచ్చిన రెండో సినిమాలో ఆ దొంగలు దర్జాగా పరిశ్రమ అధిపతులై కూర్చున్నారు. యుద్ధంలో దోచుకున్నవాళ్ళు శాంతిలో ఫ్యాక్టరీలు నడుపుతున్నారన్నమాట. డెనిస్ ప్రైస్ ఆ మామయ్య, రిచర్డ్ అటెన్‌బరో కాక్స్. అటెన్‌బరో అంటే మనకి ‘గాంధీ’ తీసిన దర్శకుడిగానే తెలుసు, సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో జనరల్ ఔట్రమ్‌గా కూడా చూసుంటారు. అంత పెద్దమనిషి ఇందులో ఆ సన్నటి మీసంతో, జారుడు నవ్వుతో ఎంత అసహ్యం పుట్టిస్తాడో చూసి తీరాలి. ఈ సినిమా ఎవరి మీద ఎక్కువ కోపంగా ఉందో ఆ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

అలాగని కార్మికుల్ని మంచిగా చూపించారని నేను అనను. స్టాన్లీ ఫోర్క్‌లిఫ్ట్‌తో పెట్టెలు పక్కకి జరిపితే వాటి వెనక దాక్కుని పేకాడుతున్నవాళ్ళు బయటపడతారు. అలాంటివాళ్ళు మా షాపులోనూ ఉన్నారు, నైట్ షిఫ్టులో స్టోర్స్ వెనక నిద్రపోయినవాళ్ళని నేనే లేపాను, లేపి తిట్టాను కూడా. ఉన్నదాన్ని చూపిస్తే కోపం తెచ్చుకోకూడదు. నాకు లోటనిపించేది ఇంకొకటి. ఇంత పెద్ద ఫ్యాక్టరీ చూపించి, కైట్ వెనక నిలబడ్డవాళ్ళలో తన పని మీద ప్రేమ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణయినా చూపించలేదు. మెషీన్ చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు, ఆదివారం బ్రేక్‌డౌనయితే భోజనం మధ్యలో లేచి వచ్చేవాడు ప్రతి షాపులోనూ ఇద్దరుముగ్గురుంటారు. వాళ్ళూ సమ్మె చేస్తారు, చేసేటప్పుడు వాళ్ళకి కడుపులో దేవినట్టుంటుంది. ఆ మనిషి ఈ సినిమాలో లేడు. మీ వ్యాసకర్త విమర్శించాలనుకుంటే ఇదుగో, ఇక్కడ విమర్శించి ఉండాల్సింది.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం సినిమాకి మంచి చూపుంది. కైట్ భార్యగా ఐరీన్ హాండిల్ నటించింది. భర్త ఊరంతటినీ సమ్మెకి దింపి, ఇంట్లో అద్దెకున్న స్టాన్లీ పనిలోకి వెళ్తున్నాడని అతన్ని బయటికి పంపించేస్తాడు. వాళ్ళమ్మాయి సింథియాకేమో ఆ కుర్రాడంటే ఇష్టం. అప్పుడు ఆవిడ, నువ్వు సమ్మె చేస్తే నేనూ చేస్తాను అని ఇంటి పని ఆపేసి కూతుర్ని తీసుకుని వెళ్ళిపోతుంది. స్టాన్లీ పెద్దత్త డాలీ, మార్గరెట్ రూథర్‌ఫర్డ్ వేసింది, బాగా డబ్బున్న ఇంటి ముసలావిడ, కైట్ ఇంటికొచ్చి ఈవిడతో కూర్చుంటే ఇద్దరికీ ఎంత పొత్తు కుదురుతుందో! రెండు వర్గాల మగవాళ్ళు కలిసి దేశాన్ని స్తంభింపజేస్తుంటే వీళ్ళిద్దరూ టీ తాగుతూ మామూలు మనుషుల్లా మాట్లాడుకుంటారు. యూనియన్ పనని రాత్రుళ్ళు మీటింగుల్లో కూర్చున్న మాలాంటివాళ్ళందరి ఇళ్ళలోనూ ఆ ఇంటి పని ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు, జీతం లేకుండా, రేటు లేకుండా. సమ్మె రోజుల్లో మా ఆవిడ పడ్డ టెన్షన్ నాకు ఆ సీను చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. జీతం రాని నెలలో కిరాణా కొట్టువాడికి సమాధానం చెప్పింది నేను కాదు, ఆవిడే.

ఇక పత్రికల సంగతి. సంపాదకుడికి రాస్తున్నాను కాబట్టి ఇది చెప్పకుండా వదలను. సమ్మె మొదలయ్యాక స్టాన్లీ పనిలోకి వెళ్తే సహచరులు అతన్ని వెలి వేస్తారు, ఎవరూ మాట్లాడరు. పత్రికలు అతన్ని ఒక్క రోజులో దేశవీరుణ్ణి చేసేస్తాయి, కష్టపడి పనిచేసినందుకు ఒక కుర్రాణ్ణి యూనియన్ శిక్షిస్తోంది అని. ఆ వార్తలో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు, కానీ కాంట్రాక్టు గురించి, లక్ష పౌండ్ల గురించి ఎవరూ ఆరా తియ్యరు. ఎవరి ఫ్యాక్టరీకి లాభం, ఇప్పుడే ఎందుకు రేటు మార్చారు అని ఒక్క విలేకరి అడగడు. మీ వ్యాసంలో కూడా నాకు కనిపించింది ఇదే పద్ధతి. సమ్మె జరిగిన ఫ్యాక్టరీల పేర్లున్నాయి, ఎన్ని రోజులు పని ఆగిందో ఉంది, ఏం అడిగి సమ్మె చేశారో మాత్రం ఒక్కచోటా లేదు.

చివరికి ఆ పథకం వాళ్ళ చేతులు దాటిపోతుంది. మిస్సైల్స్ కార్మికులకి మద్దతుగా కాక్స్ ఫ్యాక్టరీలోవాళ్ళు కూడా బయటికొచ్చేస్తారు, అక్కడి నుంచి సమ్మె దేశమంతా పాకుతుంది. ఇప్పుడు ఎలాగైనా ఆపాలి. మేజర్ హిచ్‌కాక్ రహస్యంగా కైట్ ఇంటికే వచ్చి మాట్లాడుకుంటాడు, ఆరోగ్యం బాగాలేదని స్టాన్లీతో రాజీనామా చేయిస్తే ఇరువైపులా పరువు దక్కుతుందని. కాక్స్ ఆ కుర్రాడికి సంచీ నిండా నోట్లు ఇవ్వబోతాడు. టీవీలో చర్చ జరుగుతుంది, నిజజీవితంలో జర్నలిస్టయిన మాల్కమ్ మగ్గరిడ్జే తెర మీద ఆ చర్చ నడుపుతాడు, అక్కడ స్టాన్లీ మొదటిసారి నోరు తెరిచి అందరి బండారం బయటపెట్టి ఆ నోట్లని గాల్లోకి విసిరేస్తాడు. స్టూడియోలో కూర్చుని చూస్తున్న జనం ఆ డబ్బు కోసం ఒకరి మీద ఒకరు పడతారు.

తరవాత కోర్టు. లంచం ఇవ్వబోయినవాడు బోనులో ఉండడు, లక్ష పౌండ్ల పథకం వేసినవాళ్ళు ఉండరు. అల్లరికి కారణమయ్యాడని స్టాన్లీని నిలబెట్టి, ఏడాదిపాటు బుద్ధిగా ఉంటానని పూచీ తీసుకుని వదులుతారు. నిజం చెప్పినవాడికి పూచీకత్తు, మిగతావాళ్ళకి ఏమీ లేదు. హాల్లో జనం నవ్వుతూనే ఉంటారు, నాకు మాత్రం ప్రతిసారీ అక్కడ గొంతు పట్టేస్తుంది. సినిమాలో నిజమైన ముగింపు నాకు ఇదే. ఆ తరవాత నగ్నంగా తిరిగేవాళ్ళ శిబిరంలో వాళ్ళ నాన్న దగ్గరికి చేరడం, అక్కడి ఆడవాళ్ళు వెంటపడితే పరిగెత్తడం, అదంతా హాల్లో జనాన్ని నవ్విస్తూ ఇంటికి పంపడానికి పెట్టింది. తమాషాగానే ఉంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు.

మరి ఇదంతా మరిచిపోయి జనానికి కైట్ ఒక్కడే ఎందుకు గుర్తున్నాడంటే, పీటర్ సెల్లర్స్ అంత బాగా చేశాడు. ఆ ఏడు ఉత్తమ బ్రిటిష్ నటుడిగా బాఫ్టా, అంటే అక్కడి పెద్ద సినిమా అవార్డు, ఆయనకే వచ్చింది. బిగించి కత్తిరించిన జుట్టు, చిన్న మీసం, పెద్దపెద్ద మాటలు ఎక్కడో తప్పుగా వాడేస్తూ మాట్లాడే పద్ధతి. ఆ పాత్రని ఎగతాళిగా మాత్రమే చూసేవాళ్ళకి నేను ఒక సీను చూపిస్తాను. కైట్ ఇంట్లో అల్మరా నిండా లెనిన్ పుస్తకాలు, సోవియట్ దేశమంటే అతనికి పంటచేలూ సాయంత్రాలు బ్యాలే నాట్యాలూ. అక్కడికి స్టాన్లీ వస్తే, తను కూడా ఒకసారి ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీకి వేసవి తరగతులకి వెళ్ళానని చెప్తాడు, టీ వేళకి మంచి రొట్టె, మురబ్బా పెట్టేవాళ్ళని. దాన్ని జోకుగానే రాసి ఉంటారు. సెల్లర్స్ ముఖంలో ఆ క్షణం మెరిసేది చూడండి. చదువుకోవాలని ఉండి, చదువు అందక, కొద్ది రోజులు మాత్రం ఆ గోడల లోపల గడిపిన మనిషి, దాన్ని ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. స్టాన్లీని ఇంట్లో పెట్టుకున్నది కూడా చదువుకున్నవాడితో మాట్లాడే భాగ్యం దొరుకుతుందనే. ఐటీఐతో చదువు ఆపేసి, లేబర్ చట్టం పుస్తకాలు కొనుక్కుని అర్థమైనా కాకపోయినా రాత్రుళ్ళు చదివి, మర్నాడు మేనేజరు ముందు సెక్షన్ నంబర్లు చెప్పిన యూనియన్ నాయకుల్ని నేను ఎందరినో చూశాను. తప్పుగా పలికేవాళ్ళు, ఆఫీసర్లు నవ్వుకునేవాళ్ళు. సస్పెన్షన్‌లో ఉన్నవాడి ఇంటికి అర్ధరాత్రి బియ్యం బస్తా మోసుకెళ్ళింది కూడా ఆ తప్పుగా పలికినవాళ్ళే.

ఈ రకం నాయకుల గురించి బ్రిటన్‌లోనే ప్రభుత్వం తరఫున విచారణ జరిగింది, అదైనా మీ వ్యాసకర్త చదివి ఉండాల్సింది. 1965లో లార్డ్ డోనవన్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేశారు, 1968లో నివేదిక వచ్చింది. ఆ దేశంలో సమ్మెల్లో దాదాపు 95 శాతం యూనియన్ పై నాయకత్వం అనుమతి లేకుండా షాపుల్లో అప్పటికప్పుడు జరిగేవేనని ఆ నివేదికే చెప్పింది, కాబట్టి వాళ్ళు కళ్ళు మూసుకుని రాయలేదు. అయినా షాపు స్టీవర్డుల్ని, అంటే కైట్ లాంటి షాపులోని యూనియన్ ప్రతినిధుల్ని, గొడవ రేపేవాళ్ళుగా చూడటం సరికాదని, తరచుగా తమవాళ్ళని అదుపులో పెట్టేది వాళ్ళేనని, వాళ్ళు ఒరిపిడి కంటే కందెనగానే ఎక్కువ పనిచేస్తారని అర్థం వచ్చేలా రాసింది. షాపులో ఉన్నవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం లేదు. ఫోర్‌మన్ ఒక కుర్రాణ్ణి అమ్మనాబూతులు తిడితే, ఆ కుర్రాడు స్పానర్ ఎత్తితే, మధ్యలోకి వెళ్ళి ఇద్దరినీ విడదీసి మళ్ళీ మెషీన్లు తిప్పించేది యూనియన్ ప్రతినిధే. అలా జరగకుండా ఆగిన సమ్మెలు ఏ లెక్కల్లోకీ రావు, ఏ పత్రికా రాయదు.

ఇంకొక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను. ఈ సినిమా లండన్‌లో 1959 ఆగస్టులో విడుదలైంది, అక్టోబరులో అక్కడ ఎన్నికలు జరిగి ప్రధాని మాక్మిలన్ నాయకత్వంలోని కన్సర్వేటివ్ పార్టీ 100 సీట్ల ఆధిక్యంతో గెలిచింది. జనం చేతిలో డబ్బాడుతున్న రోజులు, మనకి ఇంతకంటే మంచికాలం ఎప్పుడూ లేదు అని ఆ మాక్మిలనే రెండేళ్ళ ముందు అన్నాడు. అలాంటి కాలంలో ప్రతివాడూ తన వాటా తను చూసుకుంటున్నాడు, కింద రేటు కోసం, పైన కమిషన్ కోసం, అని చెప్పడానికి ఆ నవలకీ సినిమాకీ ధైర్యం కావాల్సొచ్చింది. పైన ఉన్నవాడు చేసేదాని గురించి చెప్పిన సగం చించేసి, కింద ఉన్నవాడి గురించి చెప్పిన సగం మాత్రం మీ పాఠకులకి చూపించారు. ఆ మిగతా సగం కూడా వాళ్ళకి చేరాలనే ఇదంతా రాశాను.

వ్యాసంలో ఉన్న రెండు తప్పులు సవరణగా వేసుకోండి. దర్శకుడు రాయ్ బౌల్టింగ్ అని వేశారు, దర్శకుడు జాన్, రాయ్ నిర్మాత. నాటకం ఆధారంగా తీశారని కూడా రాశారు, అలన్ హాకనీ 1958లో రాసిన ‘ప్రైవేట్ లైఫ్’ అనే వ్యంగ్య నవల దానికి ఆధారం, స్క్రిప్టు రాసినవాళ్ళలో ఫ్రాంక్ హార్వీ, జాన్ బౌల్టింగ్‌లతో పాటు హాకనీ కూడా ఉన్నాడు. సినిమా నిడివి గంటా నలభై అయిదు నిమిషాలు. వ్యాసకర్త గారికి వీలు చూసుకుని మొత్తం చూడమని నా తరఫున చెప్పండి, చూశాక ఆయన ఏం రాసినా చదవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
హైదరాబాద్